జలుబుకు ఏది మేలు: అన్నీ కలిసిన మాత్రా, విడివిడి మందులా?

మందుల దుకాణంలో "జలుబుకు ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతికి వచ్చేది చాలావరకు మూడు నాలుగు మందులు కలిపి చేసిన ఒకే మాత్ర. ఒకటి వేసుకుంటే అన్నీ తగ్గుతాయన్న ధీమా దానికి గిరాకీ తెచ్చిపెట్టింది. నా మట్టుకు నేను విడివిడి మందులవైపే మొగ్గుతాను. ఎందుకో వివరంగా చెబుతాను.

జలుబును నయం చేసే మందు ఇప్పటివరకు లేదు. వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది, దగ్గు మాత్రం ఇంకొన్నాళ్లు పీడించవచ్చు. దుకాణంలో దొరికేవన్నీ ఆ నాలుగు రోజులూ బాధ తెలియకుండా గడవడానికే. కాబట్టి అడగవలసింది జలుబు మందు కాదు, ఈ పూట ఏ బాధ ఎక్కువగా ఉందో దానికి మందు.

మాత్రల పట్టీని వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే పారాసిటమాల్ 500 మి.గ్రా., ఫినైలెఫ్రిన్ 10 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా. వంటి వరుస కనిపిస్తుంది. మొదటిది జ్వరానికి, ఒళ్లు నొప్పులకు. రెండోది ముక్కు దిబ్బడకని వేసినది. మూడోది ముక్కు కారడానికి, తుమ్ములకు. ఆ మాత్ర వేసుకుంటే మత్తుగా ఉండేది దీనివల్లే. జ్వరం లేకుండా ముక్కు మాత్రమే కారుతున్న మనిషికి ఇందులో రెండు మందులు దండగ. ఒట్టి ఒళ్లు నొప్పులతో ఉన్న మనిషి మూడోదాని మత్తుతో పగలంతా తూలుతూ పనిచేయాలి, బండి నడపాలి.

అంతకంటే పెద్ద చిక్కు పారాసిటమాల్ లెక్కలో ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, బరువు బాగా తక్కువ ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు హద్దు ఇంకా తక్కువ. ఇప్పుడు ఒకరు పైన చెప్పిన మాత్రను రోజుకు నాలుగుసార్లు వేసుకున్నారనుకుందాం. అది 2 గ్రాములు. జ్వరం దిగలేదని పక్కన 650 మి.గ్రా. జ్వరం మాత్ర నాలుగుసార్లు వేసుకున్నారు. మరో 2.6 గ్రాములు. రెండూ వేర్వేరు మందులనుకుని వేసుకున్న మనిషి తనకు తెలియకుండానే హద్దు దాటిపోయాడు. మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం, ఆ సంగతి మొదటి రోజున పైకి పెద్దగా తెలియకపోవచ్చు కూడా. విడిగా కొన్నప్పుడు ఈ పొరపాటుకు చోటు చాలా తక్కువ.

ఇక ముక్కు దిబ్బడ. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ఈ దిబ్బడ మీద పనిచేయడం లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు సలహా ఇచ్చే నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ మందును ఆమోదిత జాబితా నుంచి తీసేయాలని 2024 నవంబరులో ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మింగిన మందులో చాలా భాగం రక్తంలో కలవకముందే పేగుల్లో విరిగిపోవడం దీనికి కారణం. పనిచేయని మందును కలిపి అమ్మడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. జబ్బుతో ఉన్నవాళ్లు నమ్మి కొంటారు కదా.

దానికి బదులు ముక్కులోనే వేసుకునే జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు నిమిషాల్లో ఊపిరి ఆడనిస్తాయి. అయితే మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు. అంతకు మించి వాడితే మందు ఆపిన ప్రతిసారీ ముక్కు మరింతగా బిగుసుకుని, చుక్కలు లేనిదే గడవని స్థితి వస్తుంది. ఉప్పునీటి చుక్కలకు ఆ బెడద లేదు. బలం తక్కువే అయినా ఎన్ని రోజులైనా వాడుకోవచ్చు. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదట వీటినే ప్రయత్నించడం మంచిది.

జ్వరానికి పారాసిటమాలా, ఐబుప్రొఫెనా అంటే ముందు పారాసిటమాలే. ఐబుప్రొఫెన్ ఒళ్లు నొప్పులకు, గొంతు నొప్పికి బాగా పనిచేస్తుంది. కానీ కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, కొందరి ఉబ్బసం దానితో ముదురుతాయి. గర్భిణులు వైద్యులు చెప్పకుండా వేసుకోకూడదు. డెంగ్యూ అనుమానం ఉంటే రక్తస్రావం భయం వల్ల దాని జోలికే పోకూడదు.

అన్నీ కలిసిన మాత్రకు అసలు చోటే లేదని అనను. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఆగకుండా కారే ముక్కు ఒకేసారి పట్టుకుని రాత్రి కన్ను మూతపడనప్పుడు ఆ మత్తే మేలు చేస్తుంది. అలాంటి రాత్రికి ఒకటి వేసుకుని, ఆ రోజు విడిగా జ్వరం మాత్ర వేసుకోకుండా ఉంటే సరిపోతుంది. మత్తు లేనిది కావాలని సెటిరిజిన్ తెచ్చుకునేవాళ్లున్నారు. అది అలర్జీకి మంచి మందే, మామూలు జలుబుకు పెద్దగా పనికిరాదు. వృద్ధులకు, ప్రొస్టేట్ సమస్య, గ్లాకోమా ఉన్నవాళ్లకు మాత్రం క్లోర్‌ఫెనిరమిన్ తగదు. మూత్రం బిగిసిపోవచ్చు, కంటిలో ఒత్తిడి పెరగవచ్చు.

దగ్గు మందుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పొడిదగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్, కఫానికి గ్వాయిఫెనెసిన్ ఇస్తారు, రెండింటి ప్రయోజనమూ అంతంత మాత్రమే. మానసిక కుంగుబాటుకు మందులు వాడేవాళ్లు మొదటిదాన్ని అడగకుండా తీసుకోకూడదు. ఒక చెంచా తేనె చాలామందికి అంతే ఉపశమనం ఇస్తుంది. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె అస్సలు పెట్టకూడదు.

ఉన్నట్టుండి తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా విరిచేసే నొప్పులతో మొదలైతే అది ఫ్లూ కావచ్చు. వృద్ధులు, గర్భిణులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవాళ్లు అప్పుడు దుకాణం మందులతో రోజులు గడపకూడదు. వైద్యులు రాసే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

పిల్లల విషయంలో ఏది మేలన్న ప్రశ్నే లేదు. నాలుగేళ్ల లోపు వాళ్లకు కలిపి చేసిన జలుబు, దగ్గు మందులు వద్దు. పిల్లలకు, పదహారేళ్ల లోపు వాళ్లకు ఆస్పిరిన్ వద్దు, అరుదుగానైనా రైస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. జ్వరానికి పారాసిటమాల్ సిరప్ ఒక్కటి, అదీ బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున. సీసా మీద 5 మి.లీ.లో ఎంత మందు ఉందో ప్రతిసారీ చూడాలి. ఒక సీసాలో 120 మి.గ్రా. ఉంటే మరో సీసాలో 250 ఉంటుంది. పాత సీసాకు అలవాటుపడిన చేత్తో కొత్త సీసా నుంచి అంతే పోస్తే మోతాదు రెట్టింపు దాటుతుంది. పోసేటప్పుడు వంటింటి చెంచా వాడకుండా సీసాతో వచ్చే కొలమూతే వాడాలి.