కేకుల మీద చల్లే మెరుపు పొడి కొనేవాళ్లకు జాగ్రత్త హెచ్చరిక

కేకుల మీద, కప్‌కేకుల మీద తళుక్కుమనడానికి చల్లే లస్టర్ డస్ట్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? దయచేసి డబ్బా లేబుల్ మొత్తం చదవందే ఒక్క చిటికెడు కూడా తినే వస్తువు మీద వేయకండి. నాకు వచ్చిన డబ్బా మీద "అలంకరణకు మాత్రమే, తినడానికి కాదు" అని ఉంది. అమ్మిన పేజీలో ఆ మాట ఎక్కడా లేదు. అక్కడ ఉన్నదల్లా ఎర్రగా మెరిసిపోతున్న కప్‌కేకును ఎవరో కొరికిన ఫొటో, దాని మీద "నాన్ టాక్సిక్" అని పెద్ద ముద్ర.

నా స్నేహితురాలు ఎన్నాళ్లనుంచో కష్టపడి చదివిన పరీక్ష పాసైంది. తనకి రెడ్ వెల్వెట్ అంటే, అదే కాస్త కోకో వేసి చేసే ఎర్రటి కేకంటే, ప్రాణం. రెడీమేడ్ మిక్సు జోలికి పోకుండా అన్నీ నా చేత్తోనే కలిపి చేసిపెట్టాలనుకున్నాను. మైదా, మజ్జిగ, వెన్న, వెనిగర్ ఇంట్లోనే ఉన్నాయి. కోకో పొడి, ఎరుపు జెల్ రంగు, మెరుపు పొడి మాత్రం ఒకే అమ్మకందారు దగ్గర తెప్పించాను. పార్సిల్ విప్పితే, మెరుపు పొడి డబ్బాకి పేజీలో చూపించిన స్టిక్కరే ఉంది కానీ కాస్త వంకరగా అంటించారు. అంచు దగ్గర కింద ఇంకేవో అక్షరాలు తొంగిచూస్తున్నాయి. గోటితో మెల్లగా లేపితే అడుగున అసలు లేబుల్ బయటపడింది. పదార్థాల జాబితా లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. తినడానికి కాదన్న వాక్యం మాత్రం ఉంది. అంటే ఆ వాక్యం కనపడకుండా పైన స్టిక్కర్ అతికించి పంపారన్నమాట.

వెంటనే ఫొటో తీసి అమ్మకందారుకి పంపించాను. "నాన్ టాక్సిక్ అని రాసుంది కదండీ, బేకర్లందరూ ఇదే వాడతారు, ఏమీ కాదు" అని జవాబు వచ్చింది. ఆ డబ్బా కంటే ఈ జవాబే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే ఇదే మాట నమ్మి వాడేస్తున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో!

పిల్లల క్రేయాన్ల మీద కూడా నాన్ టాక్సిక్ అనే ఉంటుంది. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ప్రమాదం తక్కువని దానర్థం, ఆహారమని కాదు. పైగా ఆ ముద్ర ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. అమెరికాలో 2018లో రోడ్ ఐలాండ్‌లో పుట్టినరోజు కేకు తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆ కేకు మీద పూసిన మెరుపు పొడిలో రాగి విపరీతంగా ఉందని తేలింది. మరుసటి ఏడాది మిస్సోరీలో ఒక పసిబిడ్డ రక్తంలో సీసం కనిపించి ఆరా తీస్తే, అదీ పుట్టినరోజు కేకు అలంకరణకు వాడిన పొడి దగ్గరే తేలింది. ఈ రెండిటి గురించీ అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో ప్రచురించింది. సీసం విషయంలో పిల్లలకు ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దు లేదు. మామూలుగా కప్‌కేకు చేతికివ్వగానే పిల్లలు ముందు నాకేది ఆ పైపూతే కదా!

కాబట్టి కొనేముందు అమ్మకందారుని ఒక్కటి అడగండి, లేబుల్ వెనకవైపు ఫొటో పంపమని. నిజంగా తినదగిన పొడి అయితే "ఎడిబుల్" అని స్పష్టంగా రాసి, పదార్థాల జాబితా ఇచ్చి తీరతారు. అందులో సాధారణంగా పంచదార, మాల్టోడెక్స్‌ట్రిన్, మొక్కజొన్న పిండి, అకేషియా జిగురు లాంటివి, ఆహారానికి అనుమతి ఉన్న రంగులు కనిపిస్తాయి. ఫొటో పంపడానికి నసిగితే కొనకండి. ముందువైపు బొమ్మలు ఎన్ని పంపినా లెక్కలోకి రావు.

జెల్ రంగుతో మాత్రం ఇబ్బంది లేదు. లేబుల్ మీద ఐఎన్‌ఎస్ 129 అని ఉంది (ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు), అంటే అల్యూరా రెడ్ అనే ఆహార రంగు. శాకాహారులు ఐఎన్‌ఎస్ 120 కోసం కూడా చూసుకోవాలి. అది కార్మైన్, కీటకాల నుంచి తీసే రంగు.

కోకో పొడిలోనూ మోసమే జరిగింది, అయితే ఇది ఆరోగ్యానికి సంబంధించింది కాదు. పేజీలో "నేచురల్" అని అమ్మారు. వచ్చిన ప్యాకెట్ మీద చూస్తే ఆమ్లత నియంత్రకం ఐఎన్‌ఎస్ 501 అని ఉంది. అంటే క్షారంతో శుద్ధి చేసిన డచ్ కోకో. అది ముదురు గోధుమ రంగులో ఉండి ఎరుపును మింగేస్తుంది. నేచురల్ కోకోకి ఉండే పులుపు కూడా దీనిలో ఉండదు. మజ్జిగ, వెనిగర్ ఉన్నాయి కాబట్టి వంటసోడా పని చేసి కప్‌కేకులు బాగానే పొంగాయి, కానీ రంగు మాత్రం ఎండిన ఇటుకలా దిగింది. ఇంకా జెల్ గుమ్మరిస్తే చేదు వస్తుందని అక్కడితో ఆపేశాను.

మెరుపు పొడి లేకపోతే అందం రాదేమో అనుకోకండి. ఒక కప్‌కేకును చేత్తో పొడిపొడిగా నలిపి, ఆ ఎర్ర పొడినే తెల్లటి క్రీమ్ చీజ్ మీద చల్లాను. నిజం చెప్తున్నా, మెరుపు పొడి కంటే ఇదే బాగుంది. స్నేహితురాలు తన పాపతో కలిసి నిశ్చింతగా తింది.

డబ్బా నేను పారేయలేదు, అమ్మకాల సైటుకు ఫిర్యాదు పెట్టి రెండు లేబుళ్ల ఫొటోలూ జత చేశాను. డబ్బు వెనక్కి ఇచ్చారు, కానీ నేను ఇది రాసేసరికి ఆ పేజీ అవే ఫొటోలతో ఇంకా నడుస్తూనే ఉంది. మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉంటే స్టిక్కర్ కింద ఒకసారి చూడండి. ఇప్పటికే వాడేసి, తిన్న పిల్లలకు వాంతులైతే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్లండి.