సోడా పేరుతో మందు యాడ్: ఏఎస్‌సీఐ ఫిర్యాదు సేవ ఎంతవరకు పనికొస్తుంది?

క్రికెట్ సీజన్ వస్తే చాలు, టీవీలో సోడా, మంచినీళ్లు, మ్యూజిక్ సీడీల యాడ్లు వరస కడతాయి. పేరు, రంగు, అక్షరాల తీరు మాత్రం మందు బ్రాండువే. వీటి మీద పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయగల చోటు అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఏఎస్‌సీఐ. (హైదరాబాద్ బెల్లావిస్టాలోని ఆస్కీ, అంటే అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ వేరు, కంగారు పడకండి.) ఇది ప్రభుత్వ శాఖ కాదు, ప్రకటనల రంగం 1985లో తనకు తానే పెట్టుకున్న సంస్థ.

ఫిర్యాదు చేయడం తేలిక. వెబ్‌సైట్‌లో ఫారం నింపొచ్చు, వాట్సాప్‌లోనూ పంపొచ్చు. టీవీ యాడ్‌కైతే ఛానెల్, తేదీ, సమయం. ఆన్‌లైన్‌దైతే లింకు, స్క్రీన్‌షాట్. ఒక్కో యాడ్‌కు విడిగా రాయండి.

తేలిపోయేది రాసే పద్ధతిలో. "తాగుడుతో సంసారాలు కూలిపోతున్నాయి, ఆపండి" అంటే కౌన్సిల్‌కు పట్టు దొరకదు. తెర మీద ఏం కనిపించిందో రాయాలి: సోడా సీసా క్షణమే మెరిసిందా, గ్లాసులో బంగారు రంగు ద్రవం ఉందా, వెనక బార్ కౌంటర్ ఉందా, మందు లేబుల్ డిజైన్‌ను అలాగే దింపారా. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనలు మద్యాన్ని నేరుగానూ చాటుగానూ ప్రచారం చేయొద్దంటాయి. అదే పేరున్న వేరే సరుకుకు యాడ్ వేయాలన్నా మద్యం ఊసు, మద్యానికి ముడిపడ్డ రంగులు, సందర్భాలు ఉండకూడదు. "బాధ్యతగా తాగండి" అని నీతి చెబుతూ లోగోను తెర నిండా పరిచినా ఇదే దారిలో ఫిర్యాదు చేయండి.

రెండో పరీక్ష, ఆ సోడా నిజంగా అమ్ముడవుతోందా అన్నది. మార్కెట్లోకి వచ్చి రెండేళ్లు దాటితే దేశమంతటా ఏడాదికి 5 కోట్లు, లేదా అమ్మే ఒక్కో రాష్ట్రంలో కోటి రూపాయల టర్నోవర్ చూపాలి. కొత్త సరుకైతే నెలకు 20 లక్షలు, లేదా దానికోసమే 10 కోట్ల స్థిరాస్తి పెట్టుబడి. పెద్ద మద్యం కంపెనీకి 5 కోట్ల సోడా ఓ లెక్కా? యాడ్ ఖర్చును టర్నోవర్‌తో ముడిపెట్టిన నియమమే కాస్త పదునైనది: మొదటి రెండేళ్లు టర్నోవర్‌కు 200 శాతం దాకా, తర్వాత ఏటా తగ్గుతూ ఐదో ఏడుకు 30 శాతం. చిక్కేమిటంటే, ఆ కాగితాలు కంపెనీ కౌన్సిల్‌కు చూపిస్తుంది, ఫిర్యాదుదారుకు కాదు. అందుకే మీ బలమంతా తెర మీది ఆధారాల్లోనే పెట్టండి.

ఫిర్యాదు నిలిస్తే యాడ్ మార్చమనో, ఆపమనో చెబుతారు. జరిమానా ఉండదు. అయితే ఏఎస్‌సీఐ కోడ్‌కు విరుద్ధమైన యాడ్‌ను టీవీలో వేయకూడదని 2006లో కేబుల్ నిబంధనల్లోనే చేర్చారు కాబట్టి ఆ మాటకు కొంత బరువుంది. అసలు లోపం కాలం. కంపెనీకి నోటీసు, జవాబు, పరిశీలన అయ్యేలోపు రెండు నెలల ఐపీఎల్ ముగిసిపోవచ్చు. సీజన్ మొదటి వారంలోనే పంపడం మేలు.

వాడటంలో సులువుకు 5కు 4, దెబ్బకు 2 ఇస్తాం. కాబట్టి ఇక్కడితో ఆగకుండా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయండి. ఇలాంటి ముసుగు ప్రకటనలను 2022 జూన్ మార్గదర్శకాలతో నిషేధించిన సీసీపీఏ, అంటే కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల రక్షణ సంస్థ, మొదటి తప్పుకు 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. సినిమాలో హీరో మందు కొట్టే సీనును మాత్రం ఏఎస్‌సీఐకి పంపకండి, అది సెన్సార్ బోర్డు పని.