షూటర్ గేమ్స్ ఆడేవాళ్లు ఆ ‘పది వేల గేమ్స్’ ఆర్కేడ్ బాక్స్ జోలికి పోకండి

రెట్రో గేమ్స్ కొనేవాళ్లకు ఈ సెల్లర్ ఎవరో చెప్పక్కర్లేదు. ‘పది వేల గేమ్స్, ప్లగ్ అండ్ ప్లే’ అంటూ జాయ్‌స్టిక్ బాక్స్ అమ్ముతుంటాడే, ఆయనే. బాట్సుగన్, దొదొన్‌పాచి లాంటి పాత బుల్లెట్ల షూటర్ గేమ్స్ టీవీ మీద ఆడదామని 6,500 పెట్టి తీసుకున్నా. డబ్బు మొత్తం ముందే యూపీఐలో కొట్టేశా, మహా తెలివి!

ఒకే గేమ్ ఐదారు పేర్లతో ఉంది. పోనీలే అనుకున్నా. నిలువు స్క్రీన్ కోసం చేసిన ఆటల్ని టీవీ వెడల్పంతా సాగదీసి చూపిస్తోంది, మార్చే సెట్టింగే లేదు. అదీ భరించొచ్చు. భరించలేనిది ల్యాగ్, అంటే మనం నొక్కాక తెర మీద కదలిక ఆలస్యంగా రావడం.

1997 నాటి దొదొన్‌పాచి ఆడినవాళ్లకు తెలుసు. బటన్ టకటకా కొడితే మామూలు షాట్, నొక్కి పట్టుకుంటే లేజర్, అప్పుడు షిప్ నెమ్మదిస్తుంది. ఈ బాక్స్‌లో బటన్ వదిలేశాక కూడా షిప్ ఈడ్చుకుంటూనే ఉంటుంది. బాంబ్ నొక్కితే ముందు మనం పేలిపోతాం. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేమ్స్ స్లో మోషన్‌లో తీసి లెక్కపెట్టా. స్టిక్ కదిపిన 30 ఫ్రేమ్స్ తర్వాత గానీ షిప్ కదల్లేదు. అంటే సెకనులో ఎనిమిదో వంతు! తెర నిండా బుల్లెట్లున్నప్పుడు అది చావే. టీవీ తప్పేమో అని అదే టీవీకి ల్యాప్‌టాప్ పెట్టి చూశా, శుభ్రంగా ఆడింది.

వీడియో పంపి అడిగితే ఆయన జవాబు చూడండి: “బ్రో, అవి హార్డ్ గేమ్స్. మీకు ప్రాక్టీస్ లేదు. మా తమ్ముడు ఇదే బాక్స్‌లో ఫస్ట్ బాస్‌ని కొట్టేశాడు.”

ప్రాక్టీస్ లేదట! చిన్నప్పట్నుంచీ ఇవే ఆడుతున్నవాడికి! వీడియో చూశారా అంటే “ఫన్ కోసం ఆడండి బ్రో, టెన్షన్ ఎందుకు” అన్నాడు. తమ్ముడు ఆడిన వీడియో పంపండి అంటే నవ్వే ఎమోజీ. రిటర్న్ అంటే “సీల్ తీసేశారుగా”. సీల్ తీయకుండా ఎలా ఆడాలో మాత్రం చెప్పలేదు. నేను బుల్లెట్లు తప్పించుకోవడం దండగ, ప్రశ్నలు తప్పించుకోవడంలో ఆయన దొదొన్‌పాచి ఆఖరి బాస్ హిబాచీని కూడా దాటేస్తాడు. మళ్లీ రిఫండ్ అడిగేసరికి బ్లాక్ చేశాడు.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎవరికైనా ఇలాగే జరిగితే మీరూ పెట్టండి, చాట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి.

ఇంకా కొనాలనే ఉంటే, డబ్బు కట్టకముందే చేయీ తెరా రెండూ కనబడేలా స్లో మోషన్ వీడియో అడగండి. పంపకపోతే వదిలేయండి. పీసీ ఉన్నవాళ్లకైతే ఇలాంటిదే ముషిహిమెసామా అనే షూటర్ 2015 నుంచీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్స్ స్టోర్‌లో ఉంది, మామూలు గేమ్‌ప్యాడ్ చాలు.