విజయవాడ ఎండల్లో కోర్సేర్ 4000డి ఎయిర్‌ఫ్లో క్యాబినెట్

మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 37, 38 డిగ్రీలు ఉంటే, పీసీ ఫ్యాన్లు లోపలికి తోసేదీ ఆ వేడి గాలినే. ప్రాసెసర్ మీద ఎంత ఖరీదైన ఎయిర్ కూలర్ బిగించినా అది ఆ గాలి కంటే చల్లబడదు. ఆ గాలి లోపల నిలిచిపోకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని. కొన్ని వేసవులుగా నేను కోర్సేర్ 4000డి ఎయిర్‌ఫ్లో క్యాబినెట్ (పీసీ భాగాలన్నీ బిగించే డబ్బా) వాడుతున్నాను. లోపల రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 టీఐ గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నాయి.

దీనికి ముందున్న క్యాబినెట్‌కు ముందు భాగమంతా గాజే. మూడు ఆర్‌జీబీ (రంగుల లైట్ల) ఫ్యాన్లు ధగధగా మెరిసేవి, గాలి మాత్రం పక్కనున్న సన్నటి సందులోంచి రావాలి. ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే. గేమ్ మొదలెట్టిన కాసేపటికే గ్రాఫిక్స్ కార్డ్ 83 డిగ్రీలకు చేరి స్పీడ్ తగ్గించుకునేది. సైడ్ ప్యానెల్ తీసేస్తే ఏడెనిమిది డిగ్రీలు దిగేది. కొత్త క్యాబినెట్ కొనాలా వద్దా అన్న డౌట్ ఉంటే మీరూ ఈ పరీక్షే చేయండి. ప్యానెల్ తీయగానే వేడి బాగా తగ్గిందంటే గాలి అందడం లేదని అర్థం. తేడా లేకపోతే క్యాబినెట్ మార్చడం దండగ, కూలర్‌నో, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్‌నో చూసుకోవాలి.

4000డి ఎయిర్‌ఫ్లో 2020లో వచ్చిన మోడల్. ముందు చిల్లుల స్టీల్ ప్యానెల్, దాని వెనక విడిగా వచ్చే ఫిల్టర్. స్క్రూలేమీ ఉండవు, చేత్తో లాగితే ప్యానెల్ ఊడి వస్తుంది. నా లెక్కలో దీనికున్న పెద్ద ప్లస్ ఇదే. మా ఇల్లు మెయిన్ రోడ్డు మీదే కాబట్టి రెండు వారాలకే ఫిల్టర్ బూడిద రంగుకు తిరుగుతుంది. కడగడం వాయిదా వేస్తే కార్డ్ నాలుగైదు డిగ్రీలు పైకి పోతుంది. ఫిల్టర్ తీయడానికి స్క్రూడ్రైవర్ వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ కడగరు, నేనైతే అసలు కడగను. కుళాయి కింద కడిగి, తడి పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాలి.

క్యాబినెట్‌తో వచ్చేవి రెండు 120 ఎంఎం ఫ్యాన్లే. నేను ముందు వైపు రెండు 140 ఎంఎం ఫ్యాన్లు కొని బిగించి, వెనక కంపెనీ ఫ్యాన్ ఉంచేశాను. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము దూరదు, వచ్చేదంతా ఫిల్టర్ గుండానే వస్తుంది. ఇప్పుడు అదే గేమ్‌లో, అలాంటి ఎండలోనే, కార్డ్ 75 దాటడం అరుదు. పైన కూడా ఫ్యాన్లు పెట్టొచ్చు కానీ ఆ పైభాగంలోనే ముందు వైపుకు పెడితే చల్లగాలి కూలర్‌కు చేరకముందే బయటికి పోతుంది. ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) కింది నుంచి గాలి పీల్చేలా బిగిస్తే డబ్బాను నేల మీద కాకుండా చిన్న స్టూల్ మీద పెట్టండి.

360 ఎంఎం వరకు కార్డ్, 170 ఎంఎం ఎత్తు వరకు కూలర్ పడతాయి. ముందు ఒక మామూలు యూఎస్‌బీ, ఒక టైప్-సీ, ఒకే ఆడియో జాక్ ఉన్నాయి. మైక్‌కు వేరే పిన్ ఉన్న హెడ్‌సెట్ అయితే స్ప్లిటర్ కొనుక్కోవాలి.

వేరే మోడల్ చూస్తుంటే షాపులో ఫోన్ టార్చ్ వెలిగించి క్యాబినెట్ లోపల పెట్టమనండి. ముందు ప్యానెల్లోంచి వెలుగు బాగా బయటికి రాకపోతే గాలి కూడా అంతంతమాత్రమే, పెట్టె మీద ఎయిర్‌ఫ్లో అని ఎంత పెద్దగా రాసి ఉన్నా సరే. ఒక్క మాట, ముందు భాగం ఇంత తెరిచి ఉండేసరికి ఫ్యాన్ల చప్పుడు కూడా బయటికి వస్తుంది. చలికాలంలో రాత్రిపూట వినిపిస్తుంది. వేసవిలో అయితే సీలింగ్ ఫ్యాన్ మోతలో అదెక్కడుందో తెలీదు.