"6 నెలల పిల్ల" అని అమ్ముతున్న గ్రే చిలకలతో జాగ్రత్త

ఆఫ్రికన్ గ్రే చిలక, అంటే మాటలు నేర్చే బూడిద రంగు విదేశీ చిలక, కొందామని చూస్తున్నవాళ్లు డబ్బులు పంపే ముందు ఇది ఒకసారి చదవండి. ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో "హ్యాండ్ ఫెడ్, ఫుల్ టేమ్, 6 నెలల పిల్ల, డీఎన్ఏ సర్టిఫికెట్‌తో" అని, అంటే చేత్తో తినిపించి మచ్చిక చేసిన పిల్ల అని పెట్టి, ముదురు పక్షుల్ని, అందులోనూ జబ్బు చేసినవాటిని పిల్లల రేటుకి అంటగడుతున్నారు. మాకూ అలాగే అంటగట్టారు. 58 వేలు తీసుకున్నాడు, బస్సు పార్సిల్ ఖర్చు అదనం.

మాది రాజమండ్రి. అమ్మినవాడు హైదరాబాద్ దగ్గర తనకి ఫామ్ ఉందని చెప్పాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వయసెంత, ఏం తింటోంది, కాగితాలున్నాయా అని అన్నీ అడిగాం, అన్నిటికీ "ఉంది సార్, గ్యారంటీ సార్" అనే జవాబే. వీడియోలైతే అడగకపోయినా పంపేవాడు. వాటిని ఇప్పుడు వరసపెట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ పక్షి రొమ్ము కనిపించదు, ఎప్పుడూ వెనక నుంచే తీశాడు, ఎర్ర తోక మెరుస్తూ ఉంటుంది.

బుట్ట తెరిస్తే రొమ్ము మీద అరచెయ్యంత మేర ఈకల్లేవు. గులాబీ రంగు తోలు, అక్కడక్కడా బూడిద రంగు నూగు. తల మీద మాత్రం ఒక్క ఈక కూడా చెదరలేదు. ఫోన్ చేస్తే "మౌల్టింగ్ సార్, ప్రయాణం టెన్షన్‌కి రాలతాయి, వారంలో సెట్ అయిపోద్ది" అన్నాడు. ఈ మాట మీతో కూడా అంటారు, నమ్మకండి. మామూలుగా ఈకలు మార్చుకునే పక్షికి అలా బోడి మచ్చ పడదు, పాతవి ఒకటొకటిగా రాలుతుంటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. తల నిండుగా ఉండి ఒళ్లు మాత్రమే బోసిపోయిందంటే చాలావరకు అది తన ఈకలు తనే పీక్కుంటోందని, ఎందుకంటే దాని ముక్కు దాని తలకి అందదు. తల మీద కూడా ఊడుతుంటే పక్క పక్షి అయినా పీకి ఉండాలి, లేదా పీబీఎఫ్‌డీ (చిలకల ఈకల్నీ ముక్కునీ పాడుచేసే జబ్బు) లాంటి వైరస్ జబ్బయినా అయి ఉండాలి. ఆ జబ్బుకి మందు లేదు, పైగా ఇంట్లో వేరే చిలకలుంటే వాటికీ అంటుకుంటుంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఈకల కంటే ముందు కళ్లు చూశారు. గ్రే పిల్లకి కంటి మధ్య నల్లగుడ్డు చుట్టూ ముదురు బూడిద రంగు ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అది తేలికపడుతూ వచ్చి, ఏడాది రెండేళ్లు దాటాక లేత పసుపులోకి తిరుగుతుంది. మాదానికి కళ్లు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి. "ఇది ఆరు నెలలదా? ఆరేళ్లదైనా కావచ్చు, పదహారేళ్లదైనా కావచ్చు, పసుపు తిరిగాక ఇక కళ్లని బట్టి చెప్పలేం" అన్నారాయన. తూకం వేస్తే 350 గ్రాములు, 400 పైన ఉండాల్సిన పక్షి. రొమ్ము మధ్య ఎముక నా వేలికి కత్తి అంచులా తగిలింది.

వయసు సంగతి ఇంకా అనుమానం ఉంటే అది కూడా చిలకే తీర్చింది. ఇంటికి కాస్త అలవాటు పడ్డాక ఓ సాయంత్రం వంటింటి వైపు తిరిగి, ఎవరో పెద్దావిడ గొంతుతో స్పష్టంగా "చింటూ, తలుపెయ్ రా, దోమలొస్తన్నాయ్" అంది. వెనకాలే ఒక దగ్గు, ముసలాయన దగ్గు. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. గ్రే చిలకలు సాధారణంగా ఏడాది దాటాకే మాటలు పట్టుకుంటాయి, అలాంటిది ఆరు నెలల పిల్ల ఇంత పొడుగు మాట ఎక్కడ నేర్చింది? అది ఫామ్‌లో పుట్టి నేరుగా మా ఇంటికి వచ్చిన పక్షి కానే కాదు, ఏదో కుటుంబంలో ఏళ్ల తరబడి బతికి వచ్చింది.

ఇలాంటివి మార్కెట్‌లోకి ఎందుకొస్తాయంటే, గ్రే చిలక 40 నుంచి 60 ఏళ్లు బతుకుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో పడుకుంటుంది, అందరికీ ముద్దే. నాలుగైదేళ్లకి ఈడుకొచ్చాక కొరకడం, అరవడం, ఒక్క మనిషినే అంటిపెట్టుకుని మిగతావాళ్ల మీదకి ఎగబడటం మొదలవుతాయి. ఇంటివాళ్లు విసిగిపోయో, పెద్దవాళ్లు పోయో, పిల్లలు విదేశాలకి వెళ్లిపోయో ఎవరికో ఒకరికి ఇచ్చేస్తారు. మధ్యలోవాడు దాన్ని చవగ్గా కొని "పిల్ల" అని ముద్ర వేస్తాడు, ఎందుకంటే పిల్లకే రేటు. ముదురు పక్షిని పెంచుకోవడంలో తప్పేమీ లేదు, నన్నడిగితే నిజం చెప్పి ఇచ్చే ముదురు పక్షే మేలు, దాని స్వభావం ముందే తెలిసిపోతుంది. నిజం దాచి అమ్మడమే మోసం.

ఇక డీఎన్ఏ సర్టిఫికెట్. అది చిలక ఆడో మగో చెప్పే కాగితం, అంతే. వయసు చెప్పదు, ఆరోగ్యం చెప్పదు. మాకు పంపిన దాని మీదున్న రింగు నంబరు ఒకటి, కాలికున్న నంబరు ఇంకొకటి. ఆ రింగు కూడా ఓపెన్ రింగు, అంటే నొక్కి బిగించేది, ఏ వయసులోనైనా తగిలించొచ్చు. అతుకు లేని క్లోజ్డ్ రింగైతే గూట్లో ఉన్న రోజుల్లోనే కాలికి ఎక్కించాలి, తర్వాత పట్టదు. అందుకే రింగుని దగ్గరగా, చుట్టూ తిప్పి చూపించమనండి.

కాగితాల విషయానికొస్తే ఇది ఇంకా టెన్షన్ పెట్టే సంగతి. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి మొదటి జాబితాలో ఉంది. మన దేశంలో ఇలాంటి పక్షిని ఇంట్లో ఉంచుకుంటే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారితే అదీ ఎక్కించాలి. మావాడు పంపిన "ఫారెస్ట్ పేపర్" ఎవరి పేరుతోనో ఉన్న పాత అప్లికేషన్ ఫోటో. అమ్మేవాడి పేరు మీద రిజిస్ట్రేషన్ చూపించకపోతే, మీ పేరుకి మార్చే పనిలో చెయ్యి కలపనంటే, అక్కడితో బేరం వదిలేయండి. "అంత లేకపోతే రామచిలకైనా తీసుకోండి సార్, దానికి కాగితాలక్కర్లేదు" అని కూడా కొందరంటారు. దానికి కాగితాలు అక్కర్లేకపోవడం కాదు, అసలు ఉండవు. మన రామచిలకల్ని కొనడం, అమ్మడం, పంజరంలో పెట్టడం అన్నీ 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే, పట్టుకుంటే అమ్మినవాడితో పాటు మీ మీదా కేసు పడుతుంది.

ఇంకో రకం వల కూడా ఉంది. కళ్లు కూడా సరిగ్గా తెరవని పిల్లల్ని తక్కువకి ఇస్తాం, "మీ చేత్తో ఫార్ములా పెడితేనే మీకు టేమ్ అవుద్ది" అంటారు. నిజానికి తినిపించే పని మీ నెత్తిన వేసి తను గండం గట్టెక్కడమే అది. ఫార్ములా, అంటే పిల్లలకి కలిపి పెట్టే జావ, కాస్త వేడెక్కితే మెడ కింద తిండి నిలిచే సంచి లోపల కాలిపోతుంది, సిరంజి తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల అక్కడికక్కడే చచ్చిపోవచ్చు. తనంతట తాను గింజా పండూ తినే వయసొచ్చాకే తెచ్చుకోండి, ఆ తినడం కూడా లైవ్ వీడియో కాల్‌లో చూడండి. అదే కాల్‌లో రొమ్ము, రెక్కల కింద, పాదాలు, కళ్లు దగ్గరగా చూపించమనండి, వంటింటి తక్కెడ మీద నిలబెట్టమనండి. వీలైతే స్వయంగా వెళ్లండి. అడ్వాన్స్ కట్టాక "ఫ్లైట్ కేజ్ ఛార్జీ", "ఇన్సూరెన్స్" అని మళ్లీ మళ్లీ అడిగేవాడి దగ్గర చాలాసార్లు పక్షే ఉండదు.

తెచ్చుకున్నాక డాక్టరు చూసేదాకా వేరే గదిలో ఉంచండి. సిట్టకోసిస్ అనే జబ్బు చిలక రెట్ట దుమ్ము నుంచి మనుషులకీ వస్తుంది, జ్వరం, పొడి దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా. మీ డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంట్లో కొత్త చిలక ఉందని చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి తట్టదు. తిండికి పొద్దుతిరుగుడు గింజలొక్కటే చాలన్నాడు మావాడు, అదీ అబద్ధమే. వాటిలో కొవ్వే ఎక్కువ, విటమిన్ ఏ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ. గ్రేలకి కాల్షియం పడిపోతే ఫిట్స్ వస్తాయి.

వెనక్కి తీసుకోమంటే "లైవ్ స్టాక్‌కి రిటర్న్ లేదు" అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. చాట్లు, పేమెంట్ రసీదు, బుట్ట తెరిచేటప్పుడు మా అబ్బాయి తీసిన వీడియో అన్నీ దాచి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇచ్చాం. డబ్బులు పంపాక పక్షే రాకపోతే మాత్రం వెంటనే సైబర్ క్రైమ్ 1930కి చేయండి, ఆలస్యమైతే ఖాతాలో డబ్బు ఆపడం కష్టం.

చిలక మాతోనే ఉంది, మందులు వాడుతున్నాం. ఇది చదివేవాళ్లలో చింటూ అనే పిల్లాడున్న ఇంటి నుంచి ఎవరైనా గ్రే చిలకని ఇచ్చేసి ఉంటే ఒక్క మెసేజ్ పెట్టండి, తప్పుపట్టడానికి కాదు. దాని వయసెంతో, ఇంతకుముందు ఏ జబ్బు చేసిందో తెలిస్తే డాక్టరుకి పనికొస్తుంది.