సింగపూర్‌లో క్రూజ్ ఎక్కే ముందు ఒకటిన్నర రోజు, దిగాక ఒక రోజు – ఏం చూశాం, ఏం కొన్నాం

సంక్రాంతికి ముందు వారంలో మేము ఐదుగురం సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్‌కి వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, అత్తయ్య, మావయ్య, మా ఏడేళ్ల బాబు. ఓడ పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లోనే దింపేసింది. ఓడలో తిండి, షోలు, స్విమ్మింగ్ పూల్ గురించి అందరూ చెప్తూనే ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోను. టికెట్లు బుక్ చేసుకునేటప్పుడు అందరి ధ్యాసా ఓడ మీదే ఉంటుంది, సింగపూర్ మాత్రం ఎక్కే ముందు ఒక ముక్క, దిగాక ఒక ముక్కగా మిగులుతుంది, ఆ రెండు ముక్కల్ని ఎలా వాడుకోవాలో ఎవరూ చెప్పరు. మేము వెళ్లొచ్చాక నాకు బాగా అర్థమైంది ఏంటంటే, ఎక్కే ముందు చూడ్డం పెట్టుకోండి, దిగాక కొనడం పెట్టుకోండి. దీన్ని తిరగేశారంటే కొన్న సామానంతా ఓడ క్యాబిన్‌లోకి మోసుకెళ్లి మళ్లీ బయటికి మోసుకురావాలి, అసలే క్యాబిన్‌లో ఐదుగురి పెట్టెలు పెట్టడానికే చోటుండదు.

ముందు హోటల్ సంగతి. మేము లిటిల్ ఇండియాలో ఫేరర్ పార్క్ ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్ దగ్గర తీసుకున్నాం. మెరీనా బే వైపు తీసుకుంటే ఓడరేవు దగ్గర కదా అని మా ఆయన అన్నారు గానీ అక్కడి రేట్లకి రెండు రూములంటే మా బడ్జెట్ దాటిపోతోంది. హార్బర్‌ఫ్రంట్ దగ్గర కూడా చూశాం, అక్కడ ఇంకో చిక్కుంది, సింగపూర్‌లో క్రూజ్ టెర్మినల్స్ రెండున్నాయి, ఒకటి మెరీనా బే క్రూజ్ సెంటర్, ఇంకోటి వివోసిటీ మాల్ పక్కన హార్బర్‌ఫ్రంట్‌లో ఉన్న సింగపూర్ క్రూజ్ సెంటర్. మీ టికెట్ మీద ఏది ఉందో చూసుకున్నాకే హోటల్ బుక్ చేయండి, రెండూ పక్కపక్కన లేవు. మాది మెరీనా బే. లిటిల్ ఇండియా హోటల్ రూములు చాలా చిన్నవి, పెద్ద పెట్టె నేల మీద తెరిస్తే బాత్రూమ్‌కి దారుండదు, మావయ్య ఉన్న ఒక్క రాత్రీ పెట్టెని మంచం మీద పెట్టుకునే తెరిచారు. కానీ కిందికి దిగితే ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ, గుడి, మందుల షాపు అన్నీ నడిచే దూరంలోనే. పైగా ఓడ దిగిన రోజు కూడా మా పెట్టెలు ఉంచుకుంటామని రిసెప్షన్‌లో ఒప్పుకున్నారు, దాని విలువ ఎంతో తర్వాత చెప్తాను.

హైదరాబాద్ నుంచి రాత్రి ఫ్లైట్‌లో వెళ్లి పొద్దున్నే దిగాం, రూమ్ ఇచ్చేదాకా తూగుతూ కూర్చుని, కాసేపు పడుకుని సాయంత్రం గార్డెన్స్ బై ద బేకి బయల్దేరాం. ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లు ఇంకెక్కడికీ వద్దు, ఇక్కడికే వెళ్లండి. 2012లో తెరిచిన ఈ తోటలో సూపర్‌ట్రీలని ఇనుప చెట్లుంటాయి, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు, వాటి ఒళ్లంతా నిజం మొక్కలు పాకించారు. రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి లైట్ అండ్ సౌండ్ షో వేస్తారు, పైసా టికెట్ లేదు. జనాలందరూ చెట్ల కింద నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు, మేమూ అలాగే చేశాం, అత్తయ్య మొదట మొహమాటపడి తర్వాత తనే కొంగు సర్దుకుని పడుకుని "అమ్మాయ్, చుక్కలు కిందికి దిగినట్టుంది" అన్నారు. షోకి ముందు రెండు గంటలుంటే క్లౌడ్ ఫారెస్ట్ అనే గాజు గోపురంలోకి వెళ్లండి, దానికి టికెట్ ఉంది, లోపల 35 మీటర్ల జలపాతం, చల్లగా పొగమంచు, లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తారు, తర్వాత నడిచి దిగేది వాలు దారే కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా చూడగలరు. మా మావయ్య దిగేశారు. జనవరి కాబట్టి వర్షం ఎప్పుడు పడుతుందో తెలీదు, గొడుగు లేకుండా కదలొద్దు, మమ్మల్ని మొదటి రోజే తడిపేసింది.

ఎంఆర్‌టీ గురించి ఒక మాట. మన వీసా, మాస్టర్‌కార్డ్ ట్యాప్ చేస్తే గేటు తెరుచుకుంటుంది, కాకపోతే బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఇంటి దగ్గరే ఆన్ చేసుకుని వెళ్లండి, ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లగలరు. మా దగ్గర పనిచేసేవి మూడే ఉన్నాయి, మిగతావాళ్లకి స్టేషన్‌లో కార్డులు కొన్నాం. ట్రైన్‌లో మంచినీళ్లు తాగినా ఫైన్ వేస్తారు, బోర్డు మీద 500 సింగపూర్ డాలర్లని రాసే ఉంటుంది, పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

రెండో రోజు పొద్దున మెర్లయన్ విగ్రహం దగ్గరికి వెళ్లాం. సింహం తల, చేప ఒళ్లు, నోట్లోంచి నీళ్లు, అంతే, ఎత్తు 8.6 మీటర్లు. అరగంట చాలు. అక్కడి నుంచి నీటికి అవతల మెరీనా బే శాండ్స్ మూడు టవర్లు, పైన ఓడలాంటి కప్పు కనిపిస్తాయి, ఆ వ్యూ కోసం వెళ్లొచ్చు. దాని పైకి డబ్బులు పెట్టి ఎక్కక్కర్లేదని నా అభిప్రాయం, నాలుగు రోజులు ఓడ మీది నుంచి సముద్రాన్ని చూస్తూనే ఉంటారు కదా. పదకొండుకల్లా హోటల్‌కి తిరిగొచ్చి, ఖాళీ చేసి రేవుకి బయల్దేరాం.

ఇక్కడ ట్యాక్సీ చిక్కు వచ్చింది. మామూలు కారులో నలుగురే, మేము ఐదుగురం, పెట్టెలు ఐదు. యాప్‌లో చిన్న కారు రెండు బుక్ చేస్తే ఒక డ్రైవర్ బాబుని చూసి చైల్డ్ సీట్ లేకుండా ఎక్కించుకోనన్నాడు. అతని తప్పేం లేదు, 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకి యాప్ కార్లలో చైల్డ్ సీట్ ఉండాలని అక్కడి రూలు, మీటర్ ట్యాక్సీలకి మాత్రం ఆ రూలు లేదు. చివరికి ఆరుగురు పట్టే మీటర్ ట్యాక్సీని హోటల్ వాళ్లు పిలిచారు. అది మేము ముందు రోజు రాత్రే అడిగి పెట్టుకోవాల్సింది. ఎంఆర్‌టీలో అయితే మెరీనా సౌత్ పియర్ చివరి స్టేషన్, అక్కడి నుంచి టెర్మినల్‌కి పది పన్నెండు నిమిషాల నడక, ఒక చేతి పెట్టె ఉన్న కుర్రాళ్లకి హాయిగా ఉంటుంది, పెద్దవాళ్లతో వద్దు.

టెర్మినల్ దగ్గర ఇంకోటి. మొదటి రోజు అత్తయ్య వేణ్నీళ్ల కోసం ఒక ఎలక్ట్రిక్ కెటిల్ కొన్నారు, ఓడలో పొద్దున్నే ఎవరిని అడుగుతాంలే అని. సెక్యూరిటీ ఎక్స్‌రేలో అది కనిపించగానే పక్కన పెట్టించేశారు. చాలా ఓడల్లో కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాంటివి ఎక్కనివ్వరు, మంటలంటుకుంటాయని భయం. చీటీ ఇచ్చి, దిగేటప్పుడు వాపసు ఇచ్చారు. పైగా సింగపూర్ ప్లగ్ మూడు చదును పిన్నులది, మన సాకెట్‌లో పట్టదు, ఇంటికొచ్చాక దానికో అడాప్టర్ కొనాల్సొచ్చింది.

దిగే రోజుకి ముందు చేయాల్సిన పనొకటి అందరికీ చెప్తున్నాను. సింగపూర్‌లోకి తిరిగి రావాలంటే ఎస్‌జీ అరైవల్ కార్డ్ (దేశంలో అడుగుపెట్టే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) మళ్లీ కొత్తగా నింపాలి, మొదటిసారి నింపింది చెల్లదు, అది చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపే తీసుకుంటుంది. అంటే నాలుగు రాత్రుల క్రూజ్‌కి ఎక్కే ముందు నింపడం కుదరదు, ఓడలో ఇంటర్నెట్ ఖరీదు, కాబట్టి ఫుకెట్‌లో ఫోన్ సిగ్నల్ ఉన్నప్పుడే కూర్చుని నింపేయండి. మేము మర్చిపోయి దిగాక లైన్‌లో నిలబడి ఐదు పాస్‌పోర్టుల వివరాలు కొట్టాం, వెనకవాళ్లందరూ మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయారు. కార్డు ఫ్రీ, డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లొద్దు. అలాగే వీసా మీద మల్టిపుల్ జర్నీ అని ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, ఓడ బయటికెళ్లి తిరిగొస్తే అది రెండో ఎంట్రీ అవుతుంది.

ఇక దిగిన రోజు. పొద్దున తొమ్మిదిన్నరకి బయటపడ్డాం, ఫ్లైట్ రాత్రికి. మాతో దిగిన ఇంకో కుటుంబం పెట్టెలు ఎక్కడ పెట్టాలో తెలీక నేరుగా చాంగి వెళ్లిపోయి రోజంతా ఎయిర్‌పోర్ట్‌లోనే కూర్చున్నారు. మేము పాత హోటల్‌లో పెట్టెలు పడేసి చేతులూపుకుంటూ బయటికొచ్చాం. లిటిల్ ఇండియాలో రూమ్ తీసుకోవడం మొదటి రోజు కన్నా ఈ రోజే అక్కరకొచ్చింది, నాలుగు అడుగులేస్తే షాపింగ్, బరువెక్కితే వెళ్లి పెట్టెలో పెట్టేసి మళ్లీ రావడం.

ముందు శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లాం, సెరంగూన్ రోడ్ మీదే, 1855 నాటిది, తైపూసం (మురుగన్ పండగ) రోజు కావళ్లు మోసేవాళ్ల ఊరేగింపు బయల్దేరేది ఇక్కడి నుంచే. మధ్యాహ్నం గుళ్లు మూసేస్తారు, మళ్లీ సాయంత్రమే, అందుకే పొద్దున్నే గుడి పెట్టుకోవాలి. స్వామిని చూసి అత్తయ్య కాసేపు కదల్లేదు, ఇంత దూరమొచ్చి వెంకన్న దర్శనమైంది అని ఆవిడ ముఖంలో ఉన్న ఆ వెలుగు నాకు మొత్తం ట్రిప్‌లో గుర్తుండిపోయింది. తర్వాత 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో దోసె, కాఫీ. నాలుగు రోజుల బఫే తర్వాత ఆ సాంబారు వాసనకే మావయ్యకి ప్రాణం లేచొచ్చింది.

పొంగల్ దగ్గర పడటంతో క్యాంప్‌బెల్ లేన్ అంతా సంతలా ఉంది, చెరుకు గడలు గోడకి ఆనించి నిలబెట్టారు, మట్టి కుండలు, పసుపు మొక్కలు ఆకులతో సహా కట్టలు. బాబు ఒక్కో గడనీ ముట్టుకుని చూశాడు. జనవరిలో వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా చూడండి. టెక్కా సెంటర్ పై అంతస్తులో బట్టల షాపులున్నాయి గానీ చీరలు, చుడీదార్లు మన దగ్గరే నయం, అక్కడ టైమ్ పెట్టకండి.

అన్ని రకాల సామానూ ఒకే చోట దొరికే పెద్ద షాపు ముస్తఫా సెంటర్‌కి వద్దాం. ఒకప్పుడు 24 గంటలూ తెరిచి ఉండేది, కోవిడ్ తర్వాత అలా లేదు, అర్ధరాత్రి ఫ్లైట్ ముందు వెళ్దామనుకునేవాళ్లు టైమింగ్ చూసుకోండి. లోపల దారులు ఇరుకు, రెండు వైపులా కప్పు దాకా సామాను, కూర్చోడానికి చోటు లేదు. బిల్లు కట్టాక సంచి మూతికి ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి ఇస్తారు, బయటికొచ్చాక కత్తెర లేకుండా ఊడదు, కాబట్టి దారిలో కావాల్సిన మంచినీళ్లు, బిస్కెట్లు అందులో కలపకండి. మేము గంటన్నర పెట్టుకున్నాం, అంతకు మించి పెద్దవాళ్లని నిలబెట్టలేం. మా లెక్కలో కొనదగ్గవి నొప్పులకి రాసుకునే యాక్స్ ఆయిల్, టైగర్ బామ్, సెంట్లు, వాచీలు. చాక్లెట్లు ఇప్పుడు హైదరాబాద్‌లో అన్నీ దొరుకుతున్నాయి, ఐదు కిలోలు మోయాల్సినంత తేడా నాకు కనిపించలేదు. కాయా అనే కొబ్బరి జామ్ పచ్చగా చూడ్డానికి బావుంటుంది, అందులో గుడ్డు ఉంటుంది, శాకాహారులకి ఇచ్చే ముందు చెప్పండి.

బంగారం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం వివరంగా. అక్కడ నగల మీద 916 ముద్ర ఉంటుంది, అంటే మన 22 క్యారెట్లే, డిజైన్లు బావున్నాయి, అత్తయ్యకి ఒక గొలుసు బాగా నచ్చింది. కానీ నగ మీద మజూరీ, దాని పైన 9 శాతం జీఎస్‌టీ, ఇంటికొస్తే కస్టమ్స్ వేరే. నగలకి కస్టమ్స్ మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండొచ్చిన మన వాళ్లకే, వారం రోజుల టూరిస్టులకి కాదు. ఇదంతా కౌంటర్ దగ్గరే లెక్కేసి "వద్దులే అమ్మా, గుంటూరులో చేయించుకుందాం" అన్నారు మావయ్య. సరైన నిర్ణయమే.

ఎలక్ట్రానిక్స్‌కి మటుకు జాగ్రత్త. వేరే ఒక మాల్‌లో చిన్న షాపులో మా ఆయన బాబుకి వాటర్‌ప్రూఫ్ కెమెరా అడిగితే ఒక రేటు చెప్పి, కార్డు తీసేసరికి వారంటీ అని ఇంకో మొత్తం కలిపి బిల్లు రాశాడు. మేము కార్డు లోపల పెట్టేసి వచ్చేశాం. రేటు స్టిక్కర్ అతికించి ఉన్న చోటే కొనండి, బిల్లు మొత్తం చూశాకే ట్యాప్ చేయండి.

జీఎస్‌టీ వాపసు వస్తుంది, వదులుకోకండి. ఒక షాపులో కనీసం 100 డాలర్లకి కొనాలి, అదే షాపులో అదే రోజు తీసుకున్న మూడు బిల్లుల దాకా కలపొచ్చు, కొనేటప్పుడే ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపించాలి, అన్ని షాపులూ ఈ స్కీమ్‌లో ఉండవు కాబట్టి ముందే అడగాలి. చాంగి ఎయిర్‌పోర్ట్‌లో కియోస్క్ మెషీన్ దగ్గర పాస్‌పోర్ట్ స్కాన్ చేస్తే బిల్లులన్నీ వాటంతటవే వస్తాయి. సామాను చెకిన్ పెట్టెలో ఉంటే పెట్టె ఇచ్చేయక ముందే ఈ పని చేయాలి, అడిగితే చూపించాలి కదా. మేము వాచీలు, సెంట్లు పెట్టెలో పైనే సర్దుకున్నాం. స్క్రీన్ మీద అప్రూవ్డ్ అని వచ్చింది, కార్డులో డబ్బులు తర్వాత పడ్డాయి.

చెకిన్ అయ్యాక రెండు గంటలు మిగిలితే జ్యువెల్ అనే మాల్‌కి వెళ్లాం, టెర్మినల్ 1కి ఆనుకునే ఉంటుంది. 40 మీటర్ల పై నుంచి గాజు కప్పు మధ్యలోంచి నీళ్లు పడుతుంటాయి, చుట్టూ అడవిలా చెట్లు. బెంచీ మీద అత్తయ్య యాక్స్ ఆయిల్ సీసా తీసి మావయ్య మోకాళ్లకి రాస్తూ కూర్చున్నారు, బాబు నీళ్ల రంగు మారినప్పుడల్లా లేచి అరుస్తూనే ఉన్నాడు, మేము లోపలికి బయల్దేరేదాకా.