పది రోజుల విపశ్యన శిబిరం: ‘నేను’ అనే పట్టు ఎంతవరకు సడలుతుంది?

విపశ్యన అంటే ఒంట్లోని అనుభూతులను ఉన్నవి ఉన్నట్టు గమనించే బౌద్ధ ధ్యానం. కాస్త ప్రశాంతంగా ఉండొచ్చని, ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకా సంప్రదాయపు విపశ్యన శిబిరానికి వెళ్లినవాళ్లకు మూడో రోజుకే ఇంటి మీద గాలి మళ్లుతుంది. ఇది విశ్రాంతి కాదు. ‘నాది’ అనే అలవాటును ఒంట్లోనే పట్టి చూపించే శిక్షణ. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మఖేత్తలోనైనా, ఏలూరు దగ్గరి విజయరాయిలో ఉన్న ధమ్మవిజయలోనైనా పద్ధతి ఒకటే.

తెల్లవారుజామున 4కు గంట కొడతారు, రాత్రి 9:30కి దీపాలు ఆర్పేస్తారు. భోజనం 11 గంటలకే. సాయంత్రం 5కు కొత్తవారికి టీ, పండ్లు. ఇదివరకే ఒక శిబిరం చేసిన పూర్వ సాధకులకు నిమ్మనీళ్లే. వసతికీ భోజనానికీ రుసుం లేదు, శిబిరం పూర్తి చేసినవారి దగ్గరే విరాళం తీసుకుంటారు. పది రోజులూ ఎవరో పెట్టింది తినడం కూడా సాధనలో భాగమే. కూరలో ఉప్పు తక్కువైందని లోపల గొణిగేది ఎవరో అక్కడ బాగా తెలుస్తుంది.

మొదటి మూడు రోజులు ఆనాపాన, అంటే ముక్కు దగ్గర శ్వాసను గమనించడం. నాలుగో రోజు విపశ్యన మొదలవుతుంది: తల నుంచి పాదాల దాకా ఒక్కో భాగంలోని సంవేదనను చూడటం. అప్పటినుంచి రోజుకు మూడుసార్లు, గంటసేపు కదలకుండా ‘అధిష్ఠాన’.

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మోకాలి నొప్పిని పళ్ల బిగువున భరిస్తే గంట గడుస్తుంది, కానీ ‘సాధించాను’ అన్న గర్వం మిగిలి పట్టు ఇంకా బిగుస్తుంది. నొప్పిని వేడి, ఒత్తిడి, పోటు అని విడదీసి చూడాలి. ‘నా మోకాలు’ అన్నది కాసేపు వట్టి వేడిగా మారితే, సారనాథ్‌లో బుద్ధుడు ఐదుగురు భిక్షువులకు చెప్పిన ‘ఇది నాది కాదు, ఇది నేను కాదు’ అన్న మాట అనుభవానికొస్తుంది. ఇంకో పొరపాటు, ఒకరోజు ఒళ్లంతా హాయిగా పులకరిస్తే మర్నాడూ అదే కావాలని ఎదురుచూడటం.

క్రైస్తవులు ముందే తెలుసుకోవాల్సిన నియమం ఒకటుంది: శిబిరంలో ప్రార్థన, జపమాల పక్కన పెట్టాలి. ‘నేను’ను వదులుకోవడం క్రైస్తవంలోనూ ఉంది. బైబిల్లో ఫిలిప్పీ 2:7లో క్రీస్తు ‘తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’. ఆ రిక్తత తండ్రి చిత్తానికి ప్రేమతో లోబడటం. విపశ్యనలో అలా ఎదురుగా ఎవరూ ఉండరు. క్యాథలిక్ సన్యాసి థామస్ కీటింగ్ ప్రచారం చేసిన కేంద్రీకృత ప్రార్థన అనే మౌన ప్రార్థనలో పూటకు 20 నిమిషాల చొప్పున రెండు పూటలా కూర్చుంటారు. ఎంచుకున్న పవిత్ర పదాన్ని జపంలా ఆపకుండా తిప్పరు, ఆలోచన లాక్కుపోయినప్పుడే దానికి మళ్లుతారు. ఆ పదం దేవునికి ‘సరే’ అనడానికి గుర్తు. ఒకే కూర్చోవడంలో విపశ్యననూ ఈ ప్రార్థననూ కలిపితే పదం సంవేదనను కప్పేస్తుంది, శిక్షణా అందదు, ప్రార్థనా కుదరదు. అందుకే ఆ నియమం కఠినంగా అనిపించినా న్యాయమైనదే.

విపశ్యన శిబిరంలో లోటు మార్గదర్శనంలో ఉంది. జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ రూపొందించిన ముప్పై రోజుల ధ్యానసాధనలో నిర్దేశకుడు ఒక్కొక్కరినీ రోజూ విడిగా కూర్చోబెట్టుకుని వింటాడు. ఇక్కడ ప్రవచనాలు రికార్డింగులు, ఆచార్యులతో మాటలు కొద్ది నిమిషాలే. అందుకని సందేహాన్ని ఒక్క వాక్యానికి కుదించుకుని మధ్యాహ్నం 12కే అడగాలి. మానసిక సమస్యకు మందులు వాడుతుంటే దరఖాస్తులో దాచకండి. ఇంటికి వచ్చాక సాధనకు ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కేటాయించగలిగే నెలల్లోనే తేదీ ఎంచుకోండి.